తాండూరు ఎండలో చలి వైరు

తాండూరు వెళ్లొచ్చానని చెప్పగానే తెనాలిలో మా వదిన అడిగిన మొదటి మాట, "కందిపప్పు తెచ్చావా?" అని. రెండోది, "పోనీ, అక్కడి బండలైనా తెచ్చావా?" అని. పప్పు తేలేదు. బండలు చేతిసంచిలో ఎవరైనా తెస్తారా? నేను తీసుకెళ్లిందీ, తిరిగి మోసుకొచ్చిందీ ఒక్కటే, భుజం లాగేసే ఇనప్పెట్టె. ఆ వైపు ఎన్నడూ పోనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. రైళ్ల వేళలు మాత్రం నన్నడక్కండి. తిన్నవీ, పడ్డ తిప్పలూ, చూసిన మనుషులూ తప్ప నాకేమీ గుర్తుండవు.

ముందు ఆ పెట్టె సంగతి చెప్పాలి. డెబ్బైల చివర్లో నేను హైదరాబాదులో మీటర్లు బాగుచేసే ఓ చిన్న షాపులో పనిచేసేదాన్ని. మన అంబాసిడర్‌కీ ఫియట్‌కీ పెట్రోలు పంపేది కార్బురేటరు. అప్పటికే విదేశాల్లో కొన్ని కార్లకు దాన్ని తీసేసి, ఒక ఎలక్ట్రానిక్ డబ్బా పెట్టారు. ఇంజనుకు ఎప్పుడు ఎంత పెట్రోలు చిమ్మాలో ఆ డబ్బా లెక్కగడుతుంది. బాగున్నన్నాళ్లూ బాగుంటుంది. చెడిపోతే ఎక్కడ చెడిందో కంటికి కనిపించదు. అందుకని దాన్ని పరీక్షించడానికి ఇంకో పెట్టె. కారు డబ్బాకున్న లావుపాటి ప్లగ్గు ఊడదీసి మన పెట్టెకు తగిలిస్తే, మర తిప్పినకొద్దీ ఒక్కో వైరు ఎలా ఉందో ముల్లు చూపిస్తుంది. మా షాపాయన దాన్ని బొంబాయిలో సెకండ్‌హాండ్‌లో కొన్నాడు, కొన్ననాటి నుంచీ ఏడుస్తూనే ఉన్నాడు. ఊరంతా వెతికినా అలాంటి కార్లు పట్టుమని పది లేవు మరి.

అలాంటి రోజుల్లో ఒకనాడు తెల్లచీర కట్టుకున్న నలభయ్యేళ్లావిడ షాపు మెట్లెక్కింది. పేరు సుగుణ. పుట్టింది వికారాబాద్‌లో, కాన్పులు చేసేది తాండూరులో. జర్మనీలో కొన్నేళ్లు నర్సుగా చేసి, అక్కడ వాడిన కారునే ఓడలో వేయించుకుని వచ్చేసింది. వెనక సీటు మడిస్తే మనిషి చక్కగా పడుకోగల చిన్న వ్యాగను.

"మా బండి పొద్దున చాలయితది, జర దూరం పోంగనే నల్లపొగ ఇడిసి ఆగిపోతది. ఏడాదిన్నర సంది గిట్లనే ఉన్నది," అంది.

"తీసుకురండి, చూస్తాం," అన్నాడు మా షాపాయన.

"బండి రాదు సారూ. మీ పెట్టెనే రావాలె."

ఆ పెట్టె తిప్పడం నేర్చుకున్నది షాపులో నేనొక్కదాన్నే కాబట్టి, పెట్టెతో బాటు నేనూ వెళ్లాల్సి వచ్చింది.

నాంపల్లి నుంచి

దసరా వెళ్లిన కొత్త. ఆడవాళ్ల పెట్టెలో ఇద్దరం ఎక్కాం. నా ఇనప్పెట్టెను సీటు కింద దూర్చబోతే పట్టలేదు, నడవలోనే పెట్టాను. దాంతో అది అందరి సొత్తయిపోయింది. హార్మోనియం అని ఒకావిడ, కుట్టుమిషను అని ఇంకో ఆవిడ. ఓ ముసలమ్మ దర్జాగా దానిమీద కూర్చుని, "గీ పెట్టెల ఏమున్నది బిడ్డా?" అని అడిగింది.

"రోగం చూసే మిషను అవ్వా, కార్లకు," అన్నాను.

"కార్లకెందుకు, నా మోకాలు జూడు జర," అని చీర కుచ్చిళ్లు పైకి లాగింది. రైలుపెట్టెంతా నవ్వులే. సుగుణ మాత్రం ఆ మోకాలు నిజంగానే పట్టి చూసి, ఆవనూనె కాచి రాసుకోమంది.

మా వైపు రైల్లో ఒక స్టేషను దాటకుండానే మీదే ఊరు, మీదే కులం, పెళ్లయిందా అని అడిగేస్తారు. ఇక్కడ మొదట అడిగింది "తిన్నవా?" అని. తినలేదంటే ఒకావిడ మూట విప్పి సగం రొట్టె చేతిలో పెట్టింది. ఎవరో తెలియని మనిషి రొట్టె తినడం నాకది మొదటిసారి.

వికారాబాద్

స్టేషను బయట బుట్టలు బుట్టలుగా సీతాఫలాలు. రెండు రూపాయలకు అమ్మేవాడు ఒడినిండా పోశాడు. మా ఊళ్లో ఆ డబ్బుకి నాలుగిస్తే ఎక్కువ. ఆశపడి ఆపకుండా తిని, ఆ సాయంత్రం కడుపు పట్టుకుని కూర్చున్నాను. ఆ సంగతి ఇంతకంటే వివరంగా రాయను.

సుగుణ మేనత్త ఇంట్లో దిగాం. కోస్తా ఉక్కలో పుట్టినదాన్ని, ఆ ఊరి గాలి వంటికి తగలగానే ప్రాణం లేచొచ్చింది. మేనత్త జొన్నరొట్టె, పచ్చిమిరపకాయల తొక్కు పెట్టింది. నేను రొట్టెను అటూ ఇటూ తిప్పుతూ ఉంటే, "మీ ఆంధ్రోళ్లకు అన్నం లేకపోతే కండ్లు కనబడయి గదా," అని ఏడిపించి, చివరికి గుప్పెడు అన్నం కూడా వండి పెట్టింది. ఆ తొక్కు మన గుంటూరు కారాన్ని మరిపించింది. ఈ మాట గుంటూరులో ఎవరికీ చెప్పకండి.

భోజనమయ్యాక సుగుణ నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడి డాక్టరమ్మతో ఆమె మాట్లాడుతుంటే అసలు విషయం నాకప్పుడు తెలిసింది. బషీరాబాద్ అవతల ఓ పల్లెలో సిద్దమ్మ అని ఒక గర్భిణి. నెలలు నిండుతున్నాయి. మాయ కిందికి ఉందట, రెండుసార్లు నెత్తురు కనపడిందట. నొప్పులు మొదలైతే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరు.

"ఈ వారంలోనే తీసుకురా సుగుణా. పడుకోబెట్టి తేవాలి. ఎడ్లబండి వద్దు, బస్సు వద్దు, జీపసలే వద్దు. కుదిపితే నెత్తురు ఆగదు," అంది డాక్టరమ్మ.

బయటికొచ్చాక, "టాక్సీ కుదరదా సిస్టర్?" అని అడిగాను.

"టాక్సీల కూసోబెట్టాలె, పండబెట్టరాదు. నా బండ్లనే పండబెట్టొచ్చు," అని కాసేపు నడిచి, తనే చెప్పింది. "నిరుడు ఎండాకాలం గామెనే నా బండ్ల ఎక్కిచ్చుకున్న. బిడ్డ అడ్డం తిరిగిండె. తాండూరు రైలు గేటు కాడ బండి ఆగింది. ఎంతకూ చాలు కాలే. ఎడ్లబండి దొరికి ఆసుపత్రికి వచ్చేసరికి మగపిల్లగాడు పోయిండు."

ఆమె ఆ రోజు నుంచి కారు ముట్టుకోలేదు. ఇప్పుడు మళ్లీ ముట్టుకుంటున్నది ఆ సిద్దమ్మ కోసమే.

తాండూరు

తాండూరులో నేల బండలే, గోడలు బండలే, పశువుల తొట్లు బండలే. పొలాల చుట్టూ కంచెకు కూడా నిలువు బండలే పాతారు. మా వైపు ఇంటికి నాపరాళ్లు పరిపిస్తే పెళ్లిచూపుల్లో చెప్పుకుంటారు. ఇక్కడ మేకను కూడా బండమీదే పడుకోబెడతారు.

కారు మోయిజ్ భాయి షెడ్డులో ఉంది. ఆయన తాండూరులో లారీలు బాగుచేసే మెకానిక్కు. గడ్డానికి గ్రీజు అంటుకుని ఉంటుంది, మాటకొక నవ్వు.

"ఆయియే బేటీ, ఆయియే. గిది బండి కాదు, నవాబు. నీళ్లు పోద్దామంటే రేడియేటరే లేదు. ఇంజను ఎనక దాచిపెట్టిండ్రు. ప్లగ్గులు మార్చిన, టాంకీ కడిగిన, దువా గూడ చేసిన. పొద్దున జర దగ్గుతది, పండుకుంటది," అన్నాడు.

"డబ్బా కాలిపోయింది అంటున్నరు అందరు. కొత్తది ఈ దేశంల దొరకదు," అంది సుగుణ.

నిజంగా డబ్బాయే పోతే నేనేం చేయలేను. ఆ భయంతోనే కారు లోపలి పక్క అట్ట విప్పి, డబ్బాకున్న లావు ప్లగ్గు లాగి మా పెట్టెకు తగిలించాను. వైర్లు ఎవరైనా కదిపారా అని అడగడం మా షాపు పద్ధతి. అడిగాను.

"ఎవ్వలు ముట్టలే చెల్లె. మోయిజ్ భాయిని గూడ ముట్టనియ్యలే," అంది సుగుణ. అబద్ధమాడే మనిషి కాదామె.

పెట్టె మీది అక్షరాలన్నీ జర్మన్‌లోనే. షాపులో నేను బొమ్మల్ని బట్టి నేర్చుకున్నాను. ఇక్కడ సుగుణ పక్కనే ఉంది గనక, నేను మర తిప్పుతుంటే ఆమె చదివి చెప్పింది. బ్యాటరీ బాగుంది. పంపు బాగుంది. పెట్రోలు చిమ్మే సూదులు నాలుగూ బాగున్నాయి. ఒక్కో మాటకూ మోయిజ్ భాయి "షుకర్" అని దేవుణ్ని తలుచుకుంటున్నాడు. మధ్యలో ఇరానీ చాయ్ వచ్చింది, పావలా చాయ్. నేను సాసరు పెట్టె మీదే పెట్టి ఒలకబోశాను. ఇంట్లో అయితే మా అమ్మ చేతిలో నా వీపు విమానం మోత మోగేది. మోయిజ్ భాయి తన భుజాన ఉన్న తువ్వాలతో తుడిచేశాడు.

మర ఇంకో గడి తిప్పాను. ముల్లు కదల్లేదు. మళ్లీ తిప్పి చూశాను. ఉన్నచోటే ఉంది.

"ఇదేంటి సిస్టర్? చదవండి," అన్నాను.

సుగుణ వంగి చూసింది. చదవడానికి ఏమంత కష్టమైన మాట కాదది. కానీ దానిమీద వేలు పెట్టి రెండుసార్లు చదువుకుంది. "ఇంజను ఎంత వేడున్నదో చూసేది," అంది చివరికి.

ఇంజను దగ్గరికి పోయి చేయి లోపలికి పెట్టింది. వెతుక్కోలేదు, తిన్నగా పోయింది చేయి. టేపు చుట్టి పక్కకు మడిచిన ఒక వైరు బయటికి తీసింది.

"గీది నేనే తీసిన," అంది.

జర్మనీలో మంచు కురిసే రోజుల్లో బండి మొరాయిస్తే అక్కడి మెకానిక్కు ఆమెకు ఈ వైరు చూపించాడట. చలిగా ఉంటే ఇంజనుకు ఎక్కువ పెట్రోలు పంపించేది ఇదే అని చెప్పాడట. ఆమె దాన్ని చలి వైరు అనుకుంది. నిరుడు పెట్రోలు ధర మండిపోతుంటే, తాండూరు ఎండలో చలి వైరెందుకని, తీసేస్తే ఆ ఎక్కువ పెట్రోలు మిగులుతుందని ఊడదీసింది. తీసేసిన వైరును ఆమె ముట్టుకున్న వైరుగా లెక్కే పెట్టలేదు. మన దేశంలో పనికిరాని ఉన్నికోటును పెట్టెలో పెట్టేసినట్టే అనుకుంది. తర్వాత కొన్నాళ్లు పొద్దున్నే క్లినిక్కుకు పోయేటప్పుడు నాలుగు వీధులు నడిపింది, ఏమీ కాలేదు. ఇంజను వేడెక్కేంత దూరం నడిపింది సిద్దమ్మను తెచ్చిన రోజే.

నేను చెప్పక తప్పలేదు. ఇంజను వేడిగా ఉంటే ఆ వైరులో కరెంటు సులువుగా పారుతుంది. చల్లగా ఉంటే కష్టంగా పారుతుంది, అప్పుడు డబ్బా ఎక్కువ పెట్రోలు పంపుతుంది. వైరే లేకపోతే కరెంటు అసలే పారదు. డబ్బాకు తెలిసేది ఒక్కటే, బయట ఘోరమైన చలి ఉందని. అంచేత తాండూరు ఎండలో అది మంచుకు పోసినట్టు పెట్రోలు పోసింది. ఇంజను ఊపిరాడక ఆగిపోయింది.

"బస్ సిస్టర్, ఎవ్వలికి చెప్పకు. నేనైనా గదే చేస్తుంటి. బండి బాగైంది, గంతే," అన్నాడు మోయిజ్ భాయి.

నేనూ అదే అన్నాను. చెబితే ఆ ఇంటివాళ్లు బండి ఎక్కకపోవచ్చు. ఎక్కకపోతే సిద్దమ్మ దక్కదు.

సుగుణ టేపు విప్పి, వైరును తన చేతులతోనే దాని చోట గుచ్చింది. కొత్త ప్లగ్గులు వేసి స్టార్టు చేస్తే మొదట నల్లపొగ వచ్చింది, తర్వాత తేటపడింది. ఎంతసేపు నడిపినా ఆగలేదు. మోయిజ్ భాయి ఇంట్లో ఆ పూట పుల్లటి దాల్, అన్నం, వేపుడు మాంసం. అంత కమ్మటి భోజనం ముందు పెట్టుకుని సుగుణ మెతుకు ముట్టలేదు. నేను మాత్రం తిన్నాను, సిగ్గు లేకుండా రెండుసార్లు వడ్డించుకుని.

బషీరాబాద్ దాటి

మరునాడు పొద్దున్నే బయల్దేరాం. బషీరాబాద్ దాటాక మాటల్లో కన్నడం కలిసిపోతుంది. పల్లెలో ఇంటిముందు ఆగగానే సిద్దమ్మ అత్త నాగవ్వ, "బా తాయీ, బా," అంటూ నాకు చాప పరిచింది. ఆమె కళ్లు మాత్రం కారు మీదే ఉన్నాయి. కొడుకు షాబాదు వైపు బండల గనిలో పనికి పోయాడట, కబురు పంపారట. ఇంట్లో ఈ అత్తాకోడళ్లు, నలుగురు ఇరుగుపొరుగు.

సిద్దమ్మ మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయేమో. సుగుణ మంచం పక్కన నేలమీద కూర్చుంది.

"సిద్దమ్మా, ఒక మాట చెప్పాలె. ఇన్నంక నువ్వు రానంటే నేను నొప్పిచ్చుకోను. నిన్ను పండబెట్టి తీస్కపోయే బండి తాండూరుల ఇంకోటి లేదు, అయినా ఎట్లనన్న చేసి తెస్త. నిరుడు బండి ఆగింది దాని తప్పు కాదు. నాది. పెట్రోలు మిగులుతదని ఒక వైరు నేనే తీసేసిన. గది లేకనే నడిమిట్ల ఆగింది. నిన్న గీ చెల్లె చూస్తెనే నాకు తెలిసింది."

నాగవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అంటే నా మనుమడు..." అని ఆగింది. మళ్లీ అందుకుంది. "గది జేసి, మళ్ల గదే బండి పట్టుకొస్తివా? ఎట్ల ఎక్కుతదనుకున్నవ్ నా కోడలు?"

సుగుణ తల వంచుకునే ఉంది. ఎందుకు చెప్పావమ్మా తల్లీ, ఆసుపత్రికి చేరాక చెబితే పోయేదేముంది అని మనసులో తిట్టుకున్నాను కూడా.

సిద్దమ్మ పైకప్పు బండలను చూస్తూ కడుపు మీద చేయి వేసుకుంది. తర్వాత తల నావైపు తిప్పింది.

"అక్కా, ఇప్పుడు పెట్టిండ్రా గా వైరు?"

"పెట్టాం."

"ఎవలు పెట్టిండ్రు?"

"ఆమే పెట్టింది. నేను చూశాను. చాలాసేపు నడిపి చూశాం, ఆగలేదు."

సిద్దమ్మ కళ్లు మూసుకుంది. "అయితే మంచం ఎత్తుండ్రి," అంది.

నలుగురూ కలిసి ఎత్తారు. కారు వెనక బొంత పరిచి పడుకోబెట్టాం. నేను పక్కన ముడుచుకుని కూర్చున్నాను. నాగవ్వ ముందు సీట్లో కూర్చుంది. దారి పొడుగునా సుగుణ ముఖం చూడలేదు. "కింద ఎచ్చగున్నది," అంది సిద్దమ్మ ఒకసారి. ఇంజను సరిగ్గా ఆమె నడుము కిందే ఉంటుంది.

తాండూరు దగ్గర రైలు గేటు పడి ఉంది. నిరుడు బండి ఆగింది అక్కడే. సుగుణ ఇంజను ఆపలేదు. ఆపితే మళ్లీ స్టార్టవుతుందో లేదోనన్న భయం ఆమె మెడ మీద చెమటలో కనిపిస్తోంది. గూడ్సు బండి తీరిగ్గా, ఒక్కో పెట్టే చూపించుకుంటూ పోతోంది. నేను అద్దంలోంచి వెనక పొగ చూస్తున్నాను. పొగ లేదు. నాగవ్వ చేతిలో కొంగు నలిగి పీలికైపోయింది. గేటు లేచింది, కారు కదిలింది. నాకు ఏడుపొచ్చింది.

ధారూర్ దాటాక రోడ్డు గుంతలమయం. సుగుణ నీళ్లకుండ నెత్తిన పెట్టుకున్నదానిలా నడిపింది. ఎద్దులబండ్లు మమ్మల్ని దాటిపోయాయి. ఒకతను, "కారు అద్దెకు తెచ్చినరా, నడుపొస్తలేదా?" అని వెక్కిరించి పోయాడు. ఎవరికీ నవ్వు రాలేదు.

మళ్లీ వికారాబాద్

సిద్దమ్మను నెత్తురు చుక్క కనపడకుండా ఆసుపత్రిలో దించాం. డాక్టరమ్మ సుగుణ భుజం తట్టి లోపలికి పోయింది. మరునాడు ఆపరేషన్. సుగుణకు లోపలికి పోయే హక్కుంది, ఎన్నో కాన్పులు చూసిన మనిషి. అయినా పోలేదు. వరండాలో బల్లమీద ఒక చివర కూర్చుంది. రెండో చివర నాగవ్వ. నడుమ నేనూ, నా పెట్టే. నేను ఇద్దరికీ చాయ్ తెచ్చిపెట్టాను. ఇద్దరివీ చల్లారిపోయాయి.

పిల్ల ఏడుపు వినపడింది. ఆడపిల్ల. కాసేపటికి నర్సు వచ్చి తల్లి కూడా బాగుందని చెప్పింది. నాగవ్వ లోపలికి పోయి చూసి వచ్చింది. నేను లేచి చోటిస్తే నా చోట్లో కూర్చుంది, సుగుణ పక్కన. ఆమె వైపు చూడకుండా, ఎదురుగా గోడ వంక చూస్తూ అడిగింది.

"బండ్ల పెట్రోలు ఉన్నదా?"

"ఉన్నది అవ్వా," అంది సుగుణ.

"ఇంటికి గా బండ్లనే పోతం. పిల్లను పట్టుకొని నేను నీ పక్కకు కూసుంట."

సుగుణ లేచి బయటికి పోయి, ఎండలో ఉన్న కారును ఆసుపత్రి గేటు పక్కన నీడలోకి తెచ్చి పెట్టింది.